మసిగాజుల బేరం

నేను మద్దిలపాలెంలో కంటి ఆసుపత్రికి వెళ్ళింది శుక్లం చూపించుకోవడానికి. ఎవరెవరికి ఆపరేషన్ ఎంతలో తెమిలిందో ముందే నలుగుర్ని వాకబు చేసుకుని, బేరానికి సిద్ధమై బయల్దేరాను. తోడొచ్చిన మనవరాలికి నా సంగతి తెలుసు. "మామ్మా, ఆసుపత్రిలో బేరాలాడకు, నాకు తల కొట్టేసినట్టుంటుంది" అని ఆటోలోనే మాట తీసుకుంది. ఇచ్చాను. మాటే కదా, ఇవ్వడానికి ఖర్చేముంది.

డాక్టరమ్మ చిన్నపిల్ల. కళ్ళలో చుక్కలు వేసి, లోపలి పొరని ఫొటో తీసి తెరమీద చూపించింది. నారింజపండు రంగు గుండ్రం, దాని మధ్యలో ఆవగింజలో సగమంత పాలిపోయిన చుక్క.

"కుడికంట్లో ఇది పాత మచ్చండీ. శుక్లం తీసినా ఇది పోదు. చిన్నప్పుడు సూర్యుణ్ణి గాని, గ్రహణాన్ని గాని చూశారా?"

"చూశానమ్మా. మసిగాజులోంచి."

"మసి వెలుగుని కొంత ఆపుతుంది గాని, కన్ను కాలకుండా ఆపలేదండీ. అయితే మామూలుగా రెండు కళ్ళతో చూస్తారు కదా, మీ ఎడమకన్ను, శుక్లం మాట అటుంచితే, శుభ్రంగా ఉంది. అదెలా తప్పించుకుంది?"

జవాబు పొడుగ్గా ఉంటుంది. బయట ఇంకా పాతికమంది కూర్చుని ఉన్నారు. "మా వ్యాపారం అలాంటిదమ్మా" అని ఊరుకున్నాను. చుక్కల మసకతో ఇంటికొచ్చేదాకా ముక్కుకి కిరసనాయిలు మసి వాసన తగులుతూనే ఉంది.

ఆ వాసన మా కొట్టుది. హార్బరుకి దగ్గర్లో, ఓడ కూత వేస్తే గాజుసీసాల్లో పప్పుండలు కూడా చిన్నగా వణికే చోట ఉండేది మా కొట్టు. కల్లుప్పు బస్తాలు, కొబ్బరితాళ్ళు, బెల్లం దిమ్మలు, కిరసనాయిలు పీపా. గాలి రేవు వైపునుంచి వీస్తే అన్నిటిమీదా ఎర్రటి ఇనుపమట్టి దుమ్ము పడేది. దానిమీద వేలితో అక్షరాలు దిద్దుకునేదాన్ని. నేను మొదట చదవడం నేర్చుకున్నది బడిలో కాదు, మా నాన్న గల్లాపెట్టె పైన వేలాడే రేకు బోర్డు మీద: "ఒకసారి అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు."

మా ఇంట్లో ఏ సరుకైనా కంటితో చూశాకే లోపలికొచ్చేది. నాన్న నువ్వులనూనె సీసాని ఎండకి ఎత్తి పట్టి, ఎడమకన్ను గట్టిగా మూసి, కుడికన్ను చికిలించి చూసేవాడు. నలక కనిపిస్తే అమ్మడానికొచ్చినవాడి పని అంతే. నెయ్యి, తేనె, ఆఖరికి గొడుగు గుడ్డ కూడా అలాగే చూసేవాడు. ఆ చూపు నాకు ఎంత నచ్చేదంటే, నేను జీడి తినేముందు కూడా దాన్ని ఎండకెత్తి ఒంటికంటితో పరీక్ష చేసేదాన్ని. మా నాయనమ్మ నవ్వేది: "దీనికి మొగుణ్ణి తేవాలంటే మిట్టమధ్యాహ్నం తేవాలి. ఎండలో నిలబెట్టి చూస్తాది."

బేరం మాత్రం నాకు మా నాన్న నేర్పలేదు. ఉప్పప్ప నేర్పింది. చేపలు ఎండబెట్టడానికి ఉప్పు కోసం మా కొట్టుకి వచ్చేది కాబట్టి ఆ పేరు నేనే పెట్టాను. ఒడ్డున తాటాకు గుడిసెల్లో ఉండే మనిషి. నెత్తిన గంప, ముక్కుకి రెండువైపులా ముక్కుపుడకలు, ఆ గంపకంటే పెద్ద గొంతు.

"ఏటే సావుకారి గుంటా, కుంచం అంచుదాకా పోసి ఆపేత్తావేటి? గోపురం కట్టాల, గోపురం!"

"గోపురం కావాలంటే గుడికెళ్ళు ఉప్పప్పా."

"సూడు దీని నోరు! సావుకారూ, నీ కూతుర్ని గల్లా కాడ కూకోబెట్టకు. నీ కొట్టు నీకే అమ్మేత్తాది."

నాన్న మీసంలో నవ్వుకునేవాడు. ఉప్పప్ప ధర నచ్చకపోతే గంప ఎత్తుకుని నాలుగడుగులు వేసేది. మనం పిలుస్తామని తెలుసు. అయిదో అడుగు ఎప్పుడూ వేసేది కాదు. ఆ నాలుగడుగుల విద్యని నేను ఆవిడ వెనకాల నిలబడి లెక్కపెట్టి నేర్చుకున్నాను.

ఆ ఏడు పెద్ద గ్రహణం వస్తోందని ఊరంతా ఒకటే మాట. మా నాయనమ్మ వారం ముందునుంచే దర్భలు తెప్పించింది. ఊరగాయ జాడీల మీద, పప్పు డబ్బాల మీద, ఉప్పు బస్తాల మీద కూడా దర్భ వెయ్యాలంది. "ఉప్పుకేమవుతుందమ్మా?" అని నాన్న అంటే, "నీకు తెలుసేమిట్రా, ఉప్పుని అడిగావా?" అంది.

నాకు మాత్రం గ్రహణంలో వ్యాపారం కనిపించింది. పక్కన దేవుడి పటాలకి ఫ్రేములు కట్టే కొట్టుండేది. బండిమీంచి దించుతుంటే ఆ కొట్టాయన గాజుపలకల పెట్టె జారిపడింది. ముక్కలన్నీ ఊడ్చిపెడతాను, కూలీగా ముక్కలే ఇమ్మన్నాను. చవగ్గా పోయిందని ఆయన మురిశాడు, అంతకంటే చవగ్గా దొరికాయని నేను మురిశాను. మంచి ముక్కలు నలభై ఏరి, చెయ్యి కోసుకోకుండా అంచులు పెరట్లో సానరాయి మీద అరగదీసి, కిరసనాయిలు బుడ్డి పొగ మీద ఒక్కొక్కదాన్నీ తిప్పుతూ మసి పట్టించాను. గ్రహణం గాజులు తయారు. గోళీలకి, బలపాలకి, నెమలీకలకి, జీళ్ళకి. సగం బయానా ముందు, సరుకు గ్రహణంనాడు.

ఇక సరుకు పరీక్ష. రోజూ మిట్టమధ్యాహ్నం పెరట్లో నిలబడి, ఎడమకన్ను మూసి, ఒక్కొక్క గాజునీ కుడికంటికి అడ్డం పెట్టుకుని సూర్యుణ్ణి చూస్తూ పది లెక్కపెట్టేదాన్ని. కన్ను చివుక్కుమంటే ఆ గాజుకి ఇంకోపూత మసి. చల్లగా ఉంటే పాసు. కంటికి హాయిగా ఉంటే సరుకు మంచిదన్నది నా లెక్క. ఎవరైనా గిరాకీ వస్తే వాడి ముందు మళ్ళీ చూసి చూపించేదాన్ని: "సూడరా, నాకేటైనా అయ్యిందా?"

నాలుగు రోజులు అలా చూశాక ఓ సాయంత్రం గల్లా పక్కన కూర్చుని బోర్డు చదువుతుంటే, మధ్యలో ఓ అక్షరం మీద ఈగ వాలినట్టు కనిపించింది. తోలాను. పోలేదు. పక్క అక్షరం మీదకి చూస్తే ఈగా అక్కడికే వచ్చింది. కంట్లో మసి పడిందనుకుని నూతిదగ్గర కడుక్కున్నాను. నొప్పి లేదు, నీరు లేదు, ఎరుపు లేదు. ఎవరికీ చెప్పలేదు. చెబితే గాజులు పోతాయి.

గ్రహణం రేపనగా ఉప్పప్ప ఉప్పుకొచ్చింది. నాన్న లోపల భోజనం చేస్తున్నాడు. నా చేతిలో గాజు చూసి, "ఇదేటే?" అంది.

"గ్రహణం గాజు. సూరీడు దీన్లోంచి జాబిల్లిలాగ సల్లగా ఉంటాడు. సూపిత్తానుండు." అరుగు దిగి ఎండలోకి వెళ్ళి, ఎడమకన్ను మూసి గాజు ఎత్తాను. "సూడు, నాకేటైనా..."

నా చేతిమీద ఫెడీమని ఒక్కటి పడింది. గాజు కిందపడి ముక్కలైంది. ఉప్పప్ప నన్నెప్పుడూ ముట్టుకోలేదు. అంటే మాటలతో కొట్టడమే తప్ప. నేను ఏడవబోయి, నష్టం గుర్తొచ్చి ఆగాను. "పగలగొట్టేసినావు! దీనికి ఎవరిత్తారు?"

ఆవిడ ఉప్పు బస్తామీద కూలబడింది. నన్నోసారి, లోపల గాజుల పెట్టెనోసారి చూసింది.

"ఎన్నున్నాయి?"

"ముప్పైతొమ్మిది. నువ్వు పగలగొట్టిందాంతో నలభై."

"మొత్తం నాకిచ్చీ."

"అన్నిటికీ బయానాలు అయిపోనాయి."

"తిరిగిచ్చీ. నీకేటి కావాలో సెప్పు."

నాకు లోపల గంట మోగింది. ఈవిడ గుడిసెల దగ్గర పెద్ద గిరాకీ చూసుకుని వచ్చింది, ఎంతైనా ఇస్తుంది అనుకున్నాను. ఇవ్వలేనిది అడిగితే కిందకి ఎక్కడో తెగుతుందని, "మీ ఇంటి శంకం" అన్నాను.

ఆవిడ గుడిసె గుమ్మానికి వేలాడే శంఖం అది. నా తలకాయంత ఉండేది. బయట తెల్లగా, నోటిలోపల దానిమ్మగింజ రంగు. చలికాలం మంచు కమ్మిన పొద్దుల్లో ఆవిడ తండ్రి ఒడ్డున నిలబడి అది ఊదేవాడు. ఆ కూత పట్టుకుని పడవలు ఒడ్డుకొచ్చేవి. మా కొట్టుదాకా వినిపించేది.

ఉప్పప్ప తల అడ్డంగా ఊపింది. "అది మాయయ్యది గుంటా."

"అయితే నీకు గాజులక్కర్నేదన్నమాట" అని పెట్టెకి మూత పెట్టి లోపలికి నాలుగడుగులు వేశాను. ఆవిడ దగ్గర నేర్చుకున్న అడుగులే.

"ఆగు" అంది వెనకనుంచి. గొంతులో నవ్వో, ఏడుపో తెలియలేదు. "నా ఇద్య నామీదేనేటే!"

ఎండలో వెళ్ళి, ఎండలోనే తిరిగొచ్చింది. తడిగుడ్డలో చుట్టిన శంఖం నా ఒళ్ళో పెట్టింది. "రెండు మాటలున్నాయి. ఒకటి, ఈ ఈదిలో ఏ గుంటకీ మసిగాజు ఇవ్వకూడదు, మళ్ళీ సెయ్యకూడదు. రెండు, గ్రహణంపూట నువ్వు మాయింటికి రావాల."

"ఎందుకు?"

"నీ సరుకు బాగుందో నేదో అక్కడ సూద్దాం."

గాజుల పెట్టె నెత్తినెట్టుకుని వెళ్ళిపోయింది. ఆ రోజంతా నేను శంఖం చెవికి ఆనించుకుని, నా అంత తెలివైన మనిషి ఈ విశాఖపట్నంలోనే లేదని అనుకున్నాను. బయానాలు తిరిగిచ్చేటప్పుడు మా వీధి గుంటలు తిట్టిన తిట్లు కూడా తియ్యగానే వినిపించాయి.

గ్రహణం రోజు కొట్టు తలుపులు వేసేశారు. పొయ్యి వెలిగించలేదు. నాయనమ్మ ఇత్తడి పళ్ళెంలో నీళ్ళుపోసి రోకలి నిలబెట్టి, అది నిలబడింది కాబట్టి గ్రహణం పట్టిందని తేల్చి, కళ్ళు మూసుకుని జపానికి కూర్చుంది. నేను పెరటి తలుపు తీసుకుని జారుకున్నాను. ఇచ్చిన మాట కోసమని చెప్పుకోవచ్చు గాని, నిజానికి నా సరుకుని అక్కడ ఎవరికి ఎంతకి అమ్ముతోందో చూడాలని.

ఒడ్డున మనుషుల్లేరు. ఎండ పల్చబడి, ఉప్పుచేపల వాసన మాత్రం ఎప్పట్లాగే దట్టంగా ఉంది. "తల దించుకుని రా" అని ఉప్పప్ప గుమ్మంలోంచి అరిచింది. లోపలికి లాగి తడిక వేసేసింది.

చీకట్లో ఆవిడ తండ్రి గోడకి ఆనుకుని కూర్చుని ఉన్నాడు. ఆ తాతంటే నాకు పడేది కాదు. మనతో మాట్లాడుతూ మన చెవి పక్కకి చూసేవాడు, అక్కడెవరో మనకంటే గొప్పవాళ్ళు నిలబడినట్టు.

"వచ్చినాదేటి, శంకం గుంట?" అన్నాడు నా చెవితో.

"గాజులేయి?" అన్నాను.

"గుండ కొట్టి గోతిలో పాతేసినాను" అంది ఉప్పప్ప.

శంఖమిచ్చి కొన్న సరుకుని గోతిలో పాతేవాళ్ళని నేను పుట్టి బుద్ధెరిగి చూడలేదు.

"కిందకి సూడు" అన్నాడు తాత.

చూశాను. తాటాకు కప్పు సందుల్లోంచి వెలుగు ఇసుక నేలమీద పడుతోంది. రోజూ గుండ్రంగా గవ్వల్లా పడే చుక్కలు. ఇప్పుడు ఒక్కటి కూడా గుండ్రంగా లేదు. ప్రతిదానికీ ఓ పక్క కొరికేసి ఉంది, ఎవరో దొంగతనంగా కొరికిపెట్టిన అప్పచ్చుల్లా. చాపమీద, కుండమీద, తాత మోకాళ్ళమీద, నా పాదాలమీద, ఎక్కడ చూస్తే అక్కడ కొరికిన సూర్యుళ్ళు. చూస్తుండగానే సన్నబడి నెలవంకలయ్యాయి. అరచెయ్యి పట్టాను. అరచేతిలోనూ ఒకటి పడింది.

"సూరీడే కిందకొత్తాడు. మనం పైకి సూడక్కర్నేదు" అన్నాడు తాత. "నాకిది ఎవులూ సెప్పనేదు. నీకంటే కొంచెం పెద్దోణ్ణప్పుడు. పడవమీద ఉన్నాం. ఎవుడు ఎక్కువసేపు సూత్తాడో అని పందెం. నానే గెలిసినాను. నొప్పి నేదు, మంట నేదు. మర్నాడు పొద్దున్న లెగిసి సూత్తే మాయమ్మ పీకమీద మొకం నేదు."

"మొకం నేకపోడమేటి?"

"సెవులున్నాయి, కొప్పున్నాది, మద్దిన మసి. ఎవుల్ని సూసినా అంతే. ఇంటికొచ్చిన పెళ్ళాం మొకం కూడా పక్కసూపుతోనే సూసుకున్నాను. తిన్నగా సూత్తే మాయమైపోద్ది, పక్కకి సూత్తే కనపడతాది. ఇప్పుడు నిన్ను సూత్తన్నాను. ముక్కుమీద మసున్నాది, తుడుసుకో."

ఉప్పప్ప ఫక్కున నవ్వింది. నేను నవ్వలేదు. నా చెయ్యి దానంతటదే లేచి ఎడమకన్ను మూసింది. కుడికంటితో తాతని తిన్నగా చూశాను. తలపాగా ఉంది. గడ్డం ఉంది. ముక్కు ఉండాల్సిన చోట ఈగ.

ఆ గుడిసెలో నేనేడ్చిన ఏడుపు హార్బరులో ఓడలకి వినిపించి ఉంటుంది. అంతా చెప్పేశాను. ఎవరి దగ్గరా ఏదీ ఊరికే ఒప్పుకోని దాన్ని, నలభై గాజులూ, పది లెక్కలూ, బోర్డుమీద ఈగా అన్నీ ఒప్పుకున్నాను.

తాత చెయ్యి చాపి నా గడ్డం పట్టుకున్నాడు. "ఒంటికంటితోనే సూసినావా? రెండోది మూసేసినావా?"

"మా నాన్న నూనె అలాగే సూత్తాడు."

"మీ నాన్న నూని సల్లగుండ!" అన్నాడు. "మరి ఇయ్యాల? గ్రహణం కూడా ఒంటికంటితోనే సూసీదానివేటి?"

ఆలోచించాను. ఇవాళ పరీక్ష కాదు, వేడుక. వేడుకని ఒంటికంటితో ఎవరు చూస్తారు? రెండూ తెరిచి, మా వీధి గుంటలందరితో కలిసి, గ్రహణం విడిచేదాకా చూసేదాన్ని. వాళ్ళచేత చూపించేదాన్ని.

"అదీ సంగతి" అంది ఉప్పప్ప. "నిన్న తిడితే ఇనీదానివి కాదు. ఇంకో పెట్టెడు సేసీదానివి. బేరమయితే ఇంటావని తెలుసు."

అప్పుడు గుర్తొచ్చింది. నా గాజులు లేకపోతేనేం, మా వీధిలో నలభైమందీ ఏదో ఒక సందులోంచి మెడ పైకెత్తి చూస్తూనే ఉంటారు. తల దించుకుని లగెత్తాను. పెరటిదారిన కొట్టులోకి దూరి, పప్పు జల్లించే జల్లెడ తీశాను. దానిమీద కూడా దర్భ ఉంది. దర్భని పళ్ళమధ్య కరుచుకుని, జల్లెడతో వీధిలోకి వచ్చాను. అనుకున్నట్టే సగంమంది అరుగుల కింద నక్కి, కళ్ళకి వేళ్ళు అడ్డం పెట్టుకుని, సందుల్లోంచి పైకి చూడబోతున్నారు.

"ఎవడూ పైకి సూడకండి! సూరీడికి ఈపు పెట్టి నిలబడండి. బయానాలిచ్చినోళ్ళు ముందుకి రండి!"

బయానా మాట వినగానే అందరూ వచ్చారు. జల్లెడ ఎత్తి పట్టాను. ఫ్రేముల కొట్టు సున్నపు గోడమీద వంద నెలవంకలు పడ్డాయి. జల్లెడ కదిపితే అన్నీ చేపపిల్లల్లా ఈదాయి. వీధి వీధంతా ఒక్క అరుపు అరిచింది. ఆ అరుపుకి నాయనమ్మ హెచ్చరికలన్నీ దాటుకుని మా నాన్న గ్రహణంలో తలుపు తీశాడు. నన్ను తిట్టబోయి గోడని చూశాడు. చాలాసేపు చూశాడు. తరవాత నా చేతులు లాగుతున్నాయని జల్లెడ తను పట్టుకున్నాడు.

విడుపు స్నానాలయ్యాక నాన్నకి అంతా చెప్పాను. పెద్దాసుపత్రికి తీసుకెళ్ళాడు. దీనికి మందు లేదని, కొంత దానంతటదే సర్దుకోవచ్చని అన్నారు. సర్దుకుంది కూడా. ఈగ దోమ అయింది. దోమ మాత్రం నాతోనే ఉండిపోయింది.

ఆసుపత్రి నుంచి రాగానే శంఖం పట్టుకుని ఇద్దరం గుడిసెకి వెళ్ళాం. నాన్న దాన్ని రెండు చేతులతో ఉప్పప్ప ముందు పెట్టాడు. "పిల్లకి తెలీక తీసుకుంది. ఇది లేకపోతే మంచులో పడవలెలాగ?"

"రేకు డబ్బా వాయిత్తాం" అంది ఉప్పప్ప. "అమ్మిన సరుకు ఆపసు తీసుకోరని మీ కొట్లోనే కదా బోర్డు?"

"అది మా సరుక్కి."

"ఇదీ సరుకే. సావుకారూ, నానో శంకం ఇచ్చినాను. ఈ ఈది గుంటలందరి కళ్ళూ తీసుకున్నాను. లాబం ఎవులిదో సెప్పు సూద్దాం."

పుట్టినప్పటినుంచీ త్రాసు పట్టిన మా నాన్న శంఖాన్ని మళ్ళీ చేతుల్లోకి తీసుకున్నాడు. ఆవిడ నాలుగడుగులు వేసింది. మేం పిలవలేదు. అయిదో అడుగు వేసి లోపలికి వెళ్ళిపోయింది.

ఆ చలికాలం మంచులో రేకుడబ్బా మోత వినిపించినప్పుడల్లా నాయనమ్మ చెవులు మూసుకునేది. నేను మూసుకునేదాన్ని కాదు. ఉప్పప్ప ఉప్పుకొస్తే నాన్న నన్ను పక్కకి జరగమని కుంచం తనే అందుకునేవాడు. గోపురం కట్టేవాడు. కట్టి, పైన ఇంకో దోసెడు. ఆవిడ మాత్రం "ఇంతేనేటి?" అని ఎప్పట్లాగే పోట్లాడేది.

తరవాత రేవు పెరిగింది. గుడిసెలు ఎటో జరిగాయి. మేమూ కొట్టు మార్చుకుని గాజువాక వచ్చేశాం. నాకు పెళ్ళయింది, మిట్టమధ్యాహ్నమే. ఉప్పప్ప ఎప్పుడు పోయిందో కూడా నాకు సరిగ్గా తెలియదు. ఈ సంగతి రాసుకుంటుంటే సిగ్గుగా ఉంది.

శంఖం నా బీరువాలో ఉంది. ఇదంతా విన్న మనవరాలు దాన్ని తీసి బల్లమీద పెట్టింది. ఎడమకన్ను మూసి తిన్నగా చూశాను. దానిమ్మ రంగు నోరు కనిపించలేదు. తాత చెప్పినట్టు చూపు కాస్త పక్కకి జరిపాను. వచ్చింది.

సాయంత్రం ఆసుపత్రి నుంచి ఫోన్. ముందు ఎడమకంటికి చేస్తారట. ఖర్చు ఇంతవుతుందని చెప్పారు. మనవరాలు ఫోన్ చేత్తో మూసి, "ఎక్కువే చెప్తున్నారు మామ్మా. సరే, ఒక్కసారికి బేరమాడుకో, నేనేమీ అనుకోను" అని నాకివ్వబోయింది.

"వద్దు" అన్నాను. "సరేనని చెప్పు. జాగ్రత్తగా చెయ్యమని చెప్పు. ఆ కంటికి బేరం ఎప్పుడో అయిపోయింది."